కంప్యూటరులో ఏరు

గవ్వలకోట రాజు వజ్రబాహుడికి ఒక సరదా పుట్టింది. ఏటికి అడ్డంగా కట్ట వేయించి, తూములు మూయించి, పుట్టినరోజున ఆ నిండు నీళ్ళలో పడవ షికారు చెయ్యాలట! రాజుగారు తలుచుకుంటే కొదవేముంది, కట్ట లేచింది.

"వానలకు నిలుస్తుందా?" అన్నాడు రాజు సభలో.

ఆస్థాన పండితుడు దివాకరశర్మ మీసం దువ్వుతూ తన కంప్యూటరు తెప్పించాడు. "ఏరు, కట్ట, వాన అన్నీ ఇందులోనే నడుస్తాయి ప్రభూ. పైగా ఏది ఎందుకు జరిగిందో ఇదే నోరు విప్పి చెబుతుంది!"

తెర మీద వాన కురిసింది. నీళ్ళు కట్ట అంచుదాకా పొంగి, ఠక్కున తగ్గిపోయాయి.

"ఎందుకు తగ్గాయి?" అన్నాడు రాజు.

"తమ కట్ట మహిమ మహాప్రభూ!" అంది కంప్యూటరు.

సభంతా చప్పట్లు. విదూషకుడు సోమప్ప మాత్రం కొట్టలేదు. కట్ట దిగువన మగ్గాలపేటలోనే అతని అక్క కాపురం. కట్ట తెగిందా, పేటంతా గల్లంతే! పొంగిన ఏరు అంత బుద్ధిగా వెనక్కి తగ్గడం అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పైగా ఆ 'మహాప్రభూ' అన్న తీరు ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడేమిటి నా మొహం, ఆ సభలో పొద్దస్తమానం వినేదే!

"దీనికి చెవులే గాని కళ్ళు లేవు. కాసేపు నోరు మెదపకండి ప్రభూ," అని రాజు చెవిలో ఊదాడు. రాజుగారి రాకపోకలు చాటే భటుడికి సైగ చేశాడు.

"మహారాజుగారు వేటకు వెళ్ళారహో!" అని అరిచాడు భటుడు.

"ఏమమ్మా కంప్యూటరూ, ఇప్పుడు చెప్పు. కట్ట నిలుస్తుందా?" అన్నాడు సోమప్ప.

"హమ్మయ్య, వెళ్ళారా! తూములు మూస్తే రెండో వానకే తెగుతుంది నాయనా!"

"మరి ఇందాక నీళ్ళెందుకు తగ్గాయి?"

"నేనే తగ్గించాను. రాజుగారి ఎదుట అశుభం పలకరాదని శర్మగారు నాకు మొట్టమొదట నేర్పారు. ఊరు మునగడం అశుభం కాదూ?"

శర్మ ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

రాజు ఉండబట్టలేక, "ఏమిటీ?" అని గర్జించాడు.

"నిలుస్తుంది మహాప్రభూ! వెయ్యేళ్ళు నిలుస్తుంది!" అంది కంప్యూటరు, తడుముకోకుండా.

సభ గొల్లుమంది. తూములు మూయవద్దని అక్కడికక్కడే ఆజ్ఞ వేసి, రాజు మంత్రుల వైపు తిరిగాడు. "ఈ మర్యాద నేర్చినవాళ్ళు మా కొలువులో ఇంకెవరైనా ఉన్నారా?"

మంత్రులు కాలి బొటనవేళ్ళు చూసుకున్నారు. సోమప్ప చేతులు కట్టుకున్నాడు.

"ఆ సంగతి తమరు నిజంగా వేటకు వెళ్ళినప్పుడు చెబుతాం ప్రభూ!"

రాజు కిరీటం జారేలా నవ్వాడు. శర్మకని తెప్పించిన శాలువా సోమప్ప భుజాన పడింది.