గవరయ్య బావ చెప్పిన పైగాలి

భూగోళం నడినెత్తిన, ఉత్తర ధ్రువానికి దగ్గరలో ఒక మంచుదీవి. అక్కడ కొందరు మనుషులు రేకుల షెడ్డు వేసుకుని, రోజూ మధ్యాహ్నం ఒక పెద్ద తెల్ల బెలూన్‌కి చిన్న పెట్టె కట్టి ఆకాశంలోకి వదిలేవారు. మబ్బులకి పైన, ఆ పైన ఇంకా పైన గాలి ఎటు వీస్తోందో, చలి ఎంతుందో ఆ పెట్టె షెడ్డులోని యంత్రానికి చెబుతూ పోయేది. పనీపాటా లేని మనుషులని జింకలు నవ్వుకునేవి. నక్క గవరయ్య మాత్రం నవ్వలేదు. షెడ్డు కింద బొరియ తవ్వుకుని, "యంత్రం మాటలన్నీ నా చెవిన పడతాయి. పైగాలి కబురు కావాలంటే నన్నడగండి" అని చాటింపు వేశాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా!

అందరికంటే గట్టిగా నమ్మినవి అడవిబాతులు. వేసవి వెళ్ళేసరికి అవి దక్షిణానికి వలస పోవాలి. వాటికో ఆచారం ఉంది. వలసకని ఎత్తుకి ఎగిరాక మళ్ళీ అదే గట్టు మీద దిగకూడదు, దిగితే అరిష్టం. అందుకని పైగాలి ఎలా ఉందో చూసి రావడానికి ఒక్కరూ పైకి పోరు. గవరయ్య పొమ్మంటే పోవడం, ఆగమంటే ఆగడం. కబురు చెప్పినందుకు పిల్ల కాకుండా మిగిలిపోయిన గుడ్డొకటి ఇవ్వడం.

ఆ ఏడు చెరువు అంచులు అప్పుడే గడ్డకడుతున్నాయి. అచ్చియ్యమ్మ అనే బాతుకి ఒకే ఒక్క పిల్ల మిగిలింది, చిట్టి. ఆలస్యంగా పుట్టింది, రెక్కలు మొన్ననే వచ్చాయి. చెరువు పూర్తిగా గడ్డకడితే దానికి మేతా ఉండదు, వేరే నక్కలనుంచి తప్పించుకుని దూకడానికి నీళ్ళూ ఉండవు.

"బావా, ఇవాళైనా బయల్దేరొచ్చా?" అని అడిగింది అచ్చియ్యమ్మ.

"షెడ్డు మీద జెండా చూడవే! ఉత్తరానికి కొట్టుకుంటోంది. మీకు ఎదురుగాలి. పైన ఇంకా ఘోరంగా ఉందని యంత్రం మొత్తుకుంటోంది. నాలుగు రోజులాగండి."

"నాలుగు రోజులే! ఈలోపు చెరువు బిగుసుకుపోతే?"

"తొందరపడితే నీ చిట్టి నడిసముద్రంలో పడుతుంది. ఆపైన నీ ఇష్టం. గుడ్డు తెచ్చావా?"

"తెచ్చాను బావా."

"బొరియలో పెట్టి పో. నాకు అవతల పనుంది" అంటూ గవరయ్య మనుషుల వంటగది వెనక్కి వాసన పట్టుకుంటూ పోయాడు.

అచ్చియ్యమ్మ గుడ్డు దొర్లించుకుంటూ బొరియలోకి దూరింది. మూల ఎముకల కుప్ప. అందులో ఒక బాతు కాలు, ఆ కాలికో రేకు కడియం. మనుషులు గుర్తు కోసం తన అక్క నూకాలుకి తొడిగిన కడియమది. నూకాలు దాన్ని ముక్కుతో కొరికి కొరికి పెట్టిన నొక్కు అలాగే ఉంది.

కిందటేడు నూకాలు తన పిల్ల కాలు వాచిందని దాంతోపాటు వెనకపడింది. "నీ పిల్ల ఈ గాలికి ఆగలేదు, రెండ్రోజులాగు" అని గుంపు లేచేముందు దానితో చెప్పింది గవరయ్యే. తరవాత ఆరా తీస్తే, "పిల్లతో సహా వేరే గుంపుతో పోయింది, నా కళ్ళారా చూశాను" అన్నదీ గవరయ్యే! గొర్రె కసాయినే నమ్ముతుందంటారు. అక్కనీ పిల్లనీ తిన్నవాడికి ఈ ఏడు తనే గుడ్లు మోసింది.

బయటికొచ్చింది. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. మెడ పైకెత్తి అలా నిలబడిపోయింది. అప్పుడే మనుషులు వదిలిన బెలూన్ జెండాతోపాటు ఉత్తరానికి పోతోంది. రోజూ అది షెడ్డు దాటగానే అందరూ తల దించేసుకుని మేతలో పడేవారు. ఇవాళ అచ్చియ్యమ్మకి తల దించాలనే తోచలేదు. బెలూన్ కొండకొమ్ము దాటింది, కాస్త ఆగినట్టయింది, ఇటు తిరిగి తన నెత్తిమీదుగా దక్షిణానికి పరుగందుకుంది.

కింద గాలి ఒకటి, పైన గాలి ఇంకొకటి! అచ్చియ్యమ్మ ఒక్క పరుగున గుంపు పెద్ద బంగారయ్య దగ్గరికి పోయి చూసిందంతా చెప్పింది.

"మన నూకాల్నా? మనం బావా అని పిలిచేవాడా?" అన్నాడు బంగారయ్య.

"ఏడవడానికి దక్షిణాన బోలెడు కాలముంది తాతా. రేపు బెలూన్ లేవగానే మనమూ లేచిపోదాం. వాడి చూపు చిట్టి మీద పడకుండా నేను చూసుకుంటాను."

మర్నాడు మధ్యాహ్నం గుంపంతా గట్టు మీద చేరింది. "బావా, బెలూన్ ఎటు పోతుందో మాకు అర్థమయ్యేలా చెప్పవూ? చివరిదాకా చూడగలిగే కళ్ళు నీకే ఉన్నాయి" అంది అచ్చియ్యమ్మ.

గవరయ్య ఉబ్బిపోయాడు. మోర పైకెత్తాడు. "అదిగో, ఉత్తరానికే! నేను చెప్పలే? ఇంకా ఉత్తరానికే!" వెనక టపటపమని రెక్కల చప్పుడైంది. "చప్పట్లు తరవాత కొడుదురుగాని, ముందు వినండి! ఉత్తరానికే... ఉత్త..."

బెలూన్ తిరిగింది. గవరయ్య నోరు తెరుచుకుపోయింది. తేరుకుని వెనక్కి చూస్తే గట్టంతా ఖాళీ. ఎదురుగాలికి ఆగలేక చిట్టి ఒక్కతే కిందికి జారుతోంది. గవరయ్య ఎగిరి దూకాడు. అచ్చియ్యమ్మ అడ్డంగా వచ్చి రెక్కతో మూతి మీద ఒక్కటిచ్చింది. నక్క నోట్లో రెండు ఈకలు మిగిలాయి, అవీ అచ్చియ్యమ్మవే.

"నాలుగు రోజులాగమన్నాను కదే!" అని అరిచాడు గవరయ్య.

"నూకాలు ఆగింది కదా బావా. చాలు."

కొండకొమ్ము ఎత్తు దాటేదాకా తల్లీపిల్లా ప్రాణాలు ఉగ్గబట్టుకుని రెక్కలాడించారు.

"అమ్మా, వెనకనుంచి ఎవరో తోస్తున్నారే!" అంది చిట్టి.

"ఎవరూ కాదమ్మా, పైగాలి" అంది అచ్చియ్యమ్మ. అప్పటికి దానికి ఏడుపొచ్చింది.

నీతి: రెక్కలున్నవాళ్ళు గాలి సంగతి నేలమీదివాణ్ణి అడగకూడదు.