నూకరత్నం కొట్టుకు కట్టిన రిబ్బను

చినగరువు మొత్తం వెతికినా తెలివంటే మా ఇంట్లోదే అని నూకరత్నానికి గట్టి నమ్మకం. పద్దెనిమిదేళ్ళ పిల్ల. తమ్ముళ్ళు తాతబ్బాయి, పెద్దిరాజులకైతే ఆ నమ్మకం ఇంకో పిసరు ఎక్కువే. వాన పడితే గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని తడుస్తూ ఇంటికొచ్చే పిల్లలు మరి. "వస్తువుని ఎలా చూసుకోవాలో ఎవరైనా మన దగ్గరే నేర్చుకోవాలి" అనేది వాళ్ళమ్మ, ముగ్గురి తలలూ తుడుస్తూ.

ఇంత తెలివిని ఇంట్లో మూలపెట్టడం దండగని ముగ్గురూ టౌనుకెళ్ళి కుర్రకారు వ్యాపారుల సంఘంలో చేరారు. చిన్న వయసులోనే సొంతంగా ఏదైనా అమ్ముకుని పైకి రావాలనుకునే పిల్లల కోసం పెట్టిన సంఘం అది. సభ్యత్వం తీసుకుంటే వ్యాపారంలో తలపండిన వాళ్ళొకరిని తోడుగా ఇస్తారు, ఆదివారం సంతలో ఒక బల్ల ఇస్తారు. బల్ల మీద సరుకు మొత్తం అమ్మి చూపించిన వాళ్ళకి బస్టాండు పక్కన కొట్టు ఇస్తారు. కొట్లన్నీ అయిపోయి ఒక్కటే మిగిలింది. దాన్ని చూసిన దగ్గర్నుంచీ నూకరత్నానికి అన్నం సయించడం లేదు. పాపం, నిజంగానే మనసు పడింది.

వీళ్ళకి తోడుగా వచ్చినావిడ స్టీలు సామాన్ల కొట్టు జానకమ్మగారు. "సరుకు నలుగురికీ కనపడాలమ్మా. పెట్టెలో దాస్తే ఎవరు కొంటారు?" అన్నారావిడ.

ఇంకేముంది. పుల్లఐసులు తెచ్చి, పెట్టెలో ఒక్కటి కూడా మిగల్చకుండా తీసి, మిట్టమధ్యాహ్నం ఎండలో బల్ల నిండా పరిచారు. నలుగురికీ బాగానే కనపడ్డాయి. కాసేపటికి పుల్లలు మాత్రమే కనపడ్డాయి.

"నా తల్లే, మంచుగడ్డల మధ్య పెట్టి, ఉప్పు జల్లి, మూత బిగించాలే" అన్నారు జానకమ్మగారు.

"ముందే చెప్తే అలాగే చేద్దుమండి" అంది నూకరత్నం కొంచెం నొచ్చుకుని.

పై ఆదివారం మిరపకాయ బజ్జీలు వేశారు. అంతే. పొగలు కక్కే బజ్జీలని మంచుగడ్డల మధ్య పెట్టి, ఉప్పు జల్లి, మూత బిగించి, మూత మీద పెద్దిరాజుని కూర్చోబెట్టారు. కొన్న ఒకే ఒక్క పెద్దమనిషికి పన్ను కదిలింది.

జానకమ్మగారు నెత్తి కొట్టుకున్నారు. "కొనేవాళ్ళ కళ్ళముందే కాగే నూనెలోంచి తీసి ఇవ్వాలే."

ఆ పై వారం కొవ్వొత్తులు తెచ్చారు. మూకుడు పెట్టారు, నూనె కాచారు, కొనేవాళ్ళ కళ్ళముందే వేశారు. "ఒత్తులు మాత్రం కరకరలాడుతున్నాయండి, తినేవాళ్ళే లేరు" అన్నాడు తాతబ్బాయి.

ఆ రోజు నూకరత్నం ఏడ్చేసింది. "మీరు చెప్పిందల్లా చేశాం కదండీ. కొట్టు ఇంకెవరికో పోద్దేమోనండి."

జానకమ్మగారికి జాలీ వేసింది, భయమూ వేసింది. "ఇంక నేనేం చెప్పను తల్లీ. పక్క బల్ల మీద జంతికలమ్మే సత్యవేణి ఉంది చూడు, అది ఏమంటే నువ్వూ అదే అను."

మరుసటి ఆదివారం సత్యవేణి సన్నటి గొంతుతో "సత్యవేణి జంతికలండీ" అంది. ముగ్గురూ గొంతు చించుకుని "సత్యవేణి జంతికలండీ" అన్నారు. సంత సంతంతా వచ్చి సత్యవేణి బల్ల మీద పడింది. డబ్బా ఖాళీ. వీళ్ళ బల్ల మీదా ఏమీ మిగల్లేదు, అసలు ఏమీ తేలేదు కాబట్టి. అనమన్నారు గానీ తెమ్మనలేదు కదా.

సంఘం పెద్దలు అది చూశారు. చేసే చెయ్యి సత్యవేణిది, పిలిచే గొంతు వీళ్ళది, కొట్టు అందరికీ కలిపి ఇచ్చేద్దామన్నారు. నూకరత్నం సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

కొట్టు తెరిచే రోజు గుమ్మానికి ఎర్ర రిబ్బను కట్టారు. "రిబ్బను కత్తిరించకుండా ఎవ్వరికీ ఏమీ అమ్మకండే" అని గట్టిగా చెప్పారు జానకమ్మగారు. సంఘం అధ్యక్షులవారు కత్తిరించారు, మొదటి పొట్లం కొన్నారు, అందరూ వెళ్ళిపోయారు. సత్యవేణి రెండో వాయి వండడానికి ఇంటికెళ్ళింది.

రెండో బేరం వచ్చింది. నూకరత్నం అడ్డంగా నిలబడింది. "ఆగండి బాబుగారు. రిబ్బను కత్తిరించాలి." తెగిన ముక్కలు ముడేసి, మళ్ళీ గుమ్మానికి కట్టి, కత్తెర చేతికిచ్చింది. ఆయన్ని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ రిబ్బను కత్తిరించమనలేదు. మురిసిపోతూ కత్తిరించి పావుకిలో కొన్నాడు. ఇంకేముంది, కబురు బస్టాండంతా పాకింది. జంతికలు ఎటుపోయినా రిబ్బను కత్తిరిద్దామని జనం బారులు తీరారు. ప్రతి బేరానికీ ఒక ముడి, ప్రతి ముడికీ రిబ్బను కాస్త పొట్టి.

"అక్కా, రిబ్బను అందట్లేదే" అన్నాడు పెద్దిరాజు.

నూకరత్నం అటూ ఇటూ చూసింది. "రిబ్బనుకేంరా, బానే ఉంది. గుమ్మమే వెడల్పెక్కువ."

అంతే. కొట్టు కట్టగా మిగిలిన ఇటుకలూ సిమెంటూ లోపలికి చేరేసి, గుమ్మానికి రెండువైపులా పేర్చారు. రిబ్బను అందింది. ఇంకో బేరం, ఇంకో ముడి, ఇంకాస్త గోడ.

సాయంత్రం సత్యవేణి జంతికల డబ్బాతో, వెనకే జానకమ్మగారు వచ్చారు. కొట్టుకి గుమ్మం లేదు. గోడ మధ్యలో బెత్తెడు సందు, దానికి అడ్డంగా ముడులు తప్ప ఏమీ లేని రిబ్బను.

"నూకరత్నం, ఎక్కడున్నావే?"

"లోపలేనండి. మీరు చెప్పినట్టే చేశామండి. రిబ్బను కత్తిరించకుండా ఒక్కరికీ అమ్మలేదు."

"మరి బయటికెలా వస్తారే?"

లోపల ముగ్గురూ కాసేపు గుసగుసలాడుకున్నారు. సందులోంచి కత్తెర పట్టుకున్న చెయ్యొకటి బయటికొచ్చింది.

"అదెంతసేపండి. ఇది కత్తిరించండి, వచ్చేస్తాం."