ఎద్దు మామ డిపార్ట్‌మెంట్

మామిడితోట చివర పశువుల పాకలో మైల ఎద్దు, పులిగాడనే కుక్క, ఒక మేక, పిల్లల తల్లి పెట్టకోడి కలిసి ఉండేవి. వాటి మధ్య ఒకటే కట్టుబాటు. ఎవరు కేకేసినా మిగిలినవాళ్ళు చేతిలో పని వదిలేసి పరిగెత్తాలి. ఒకసారి తొండను చూసి పులిగాడు మొరిగితే, ఆ హడావిడిలో మేక వెళ్ళి పెట్ట పెట్టిన గుడ్లు తొక్కేసింది. ఆ తగాదా తెగకముందే కంచె అవతల నక్క తయారైంది. నక్కకి ఇలాంటివి ఎలాగో తెలిసిపోతాయి.

“అందరూ అన్ని పనులూ చేస్తే ఇంతే,” అంది నక్క. “నేను కొన్నాళ్ళు ఒక ఆఫీసు వెనక తుప్పల్లో ఉన్నాను. అక్కడ డిపార్ట్‌మెంట్లు ఉంటాయి.”

“అంటే?” అంది మేక.

“ఉన్న పనంతా భాగాలు చేసి, ఒక్కో భాగం ఒకరికి అప్పగిస్తారు. ఆ భాగమే డిపార్ట్‌మెంట్.”

“శాఖ అంటారే, అదేనా?”

“అదే. బోర్డు మీద శాఖ అని రాస్తారు, నోటితో డిపార్ట్‌మెంట్ అంటారు.”

“మనది కాని పని ఎవరైనా చెప్తే?”

“‘అది మా డిపార్ట్‌మెంట్ కాదు’ అనాలి. కోపం లేకుండా, తలెత్తకుండా అనాలి. అది వచ్చేస్తే ఉద్యోగం వచ్చేసినట్టే.”

పులిగాడికి ఆ మాట తెగ నచ్చింది. అక్కడికక్కడే రెండుసార్లు అని చూసుకున్నాడు. నక్క పంపకం చేసింది. గేటు పులిగాడికి, మేత మేకకి, గుడ్లూ పిల్లలూ పెట్టకి, బండి ఎద్దుకి.

“వీటిలో దేనికీ చెందని పనులో?” అంది మేక. మేకలు అలాంటివి వదలవు.

నక్కకి విసుగొచ్చింది. “అవన్నీ ఇతరములు. ఎద్దు మామకి పడేయండి. ఎవరేం చెప్పినా కాదనడుగా.”

ఎద్దు నిజంగానే కాదనలేదు. అప్పటినుంచి నీళ్ళ తొట్టి ఒరిగినా, కొమ్మ విరిగి దారికడ్డం పడినా “ఇతరములు” అంటూ దాన్నే లేపేవాళ్ళు. కొత్త పద్ధతి బాగుందని మిగతావాళ్ళు మెచ్చుకున్నారు. బాగుండకేం, చేసేది ఎద్దు.

ఒక మధ్యాహ్నం ఎద్దు బండితో పొలం వెళ్ళిన సమయం చూసి, నక్క వెనక కంచె దూరి ఒక కోడిపిల్లను ఎత్తుకుపోయింది. పెట్ట గొంతు చించుకుని అరిచింది. పులిగాడు గేటు దగ్గర్నుంచి కదల్లేదు.

“అది వెనక కంచె, వదినా. మా డిపార్ట్‌మెంట్ కాదు.”

మేక గడ్డిలోంచి తలెత్తకుండానే, “పిల్లలు నీ డిపార్ట్‌మెంటే గదా,” అంది.

పెట్ట ఆ పూట నూకలు ముట్టలేదు. పిల్ల పోయిన దుఃఖం ఒకటి, సాటివాళ్ళు చూస్తూ నిలబడ్డారన్న దుఃఖం ఇంకొకటి. రెండోదే దాన్ని ఎక్కువ కోసింది. ఎద్దు తిరిగొచ్చాక దాని దగ్గరికి వెళ్ళింది.

“మామా, నక్కను తరమడం ఎవరి డిపార్ట్‌మెంట్?”

ఎద్దు నెమరేస్తూ ఆలోచించింది. దాని ఆలోచన దాని నడకలాగే ఉంటుంది.

“పులిగాడు కాదన్నాడా?”

“అన్నాడు.”

“మేక?”

“అదీ అంతే.”

“నీ వల్ల అవుతుందా?”

“అయితే ఇలా ఏడుస్తానా మామా?”

“సరే. అయితే అది ఇతరముల కిందికి వస్తుంది. నాదే.”

మర్నాడు ఎండ నెత్తికెక్కిన వేళ ఎద్దు నీడ వదిలేసి వెనక కంచె పక్కన పడుకుంది. నక్క కంతలోంచి తల దూర్చి ఉలిక్కిపడింది.

“ఇక్కడున్నావేం మామా? నీది బండి గదా.”

“ఇతరములు కూడా నాదే, బావా. నువ్వే ఇచ్చావు.”

“నక్కల సంగతి అందులో ఉందని నేననలేదే.”

“ఇంకెందులోనూ ఉందని కూడా అనలేదు. అందుకే నాకొచ్చింది.”

నక్క తల వెనక్కి లాక్కునేలోపే ఎద్దు కొమ్ముతో ఎత్తి ముళ్ళకంపలోకి విసిరింది. ఆ అరుపుకి పులిగాడు చెవులు రిక్కించాడు. ఒకసారి గేటు వైపు, ఒకసారి పెట్ట వైపు చూశాడు. అప్పటికి సిగ్గేసిందో ఏమో, పరిగెత్తుకొచ్చాడు.

“గేటు వదిలేసి వచ్చావేం?” అంది నక్క కంపలోంచి.

పులిగాడు జవాబు చెప్పలేదు. నోటినిండా నక్క కాలుంది.

నీతి: పనులు పంచుకోవచ్చు గాని, సాటివాడికి ఆపద వచ్చినప్పుడు వంతులు చూడకూడదు.