సన్నిపాతానికి శొంఠికొమ్ము

జబ్బుపడి లేచిన రాజులకు మొదట ఆకలి పుడుతుంది, ఆ వెంటనే పొదుపు పుడుతుంది. వీరకేసరి మహారాజుగారు నిండు సభలో మజ్జిగ చప్పరిస్తూ అన్నారు కదా:

"వైద్యశాల మూసేద్దామనుకుంటున్నాం. వచ్చేదానికన్నా ఖర్చే ఎక్కువట! ఏమంటావు సోమప్పా?"

విదూషకుడు సోమప్పకు ఇది నవ్వులాట కాదు. వాళ్ళమ్మ ఆ వైద్యశాలలోనే మంచం మీద ఉంది మరి!

అసలు సంగతి అతనికి తెలుసు. బొక్కసంవాళ్ళు వైద్యశాలకు సొమ్మిచ్చేది తాటాకు మీద రాసిన జబ్బును బట్టి. రాసేది శిష్యవైద్యులు. వాళ్ళ గురువు త్ర్యంబకాచార్యులవారేమో, "రాతకోతలు గుమాస్తాల పనిరా, మనది కాదు" అనేవారు. ఇంకేం! పాము కరిచినవాణ్ణి చావు నోట్లోంచి లాక్కొచ్చి కూడా కుర్రాళ్ళు "కాలికి గాయం. కట్టు కట్టాం" అని రాసి పడేసేవారు. గుడ్డపేలిక ఖరీదు వచ్చేది.

"మూసేద్దాం ప్రభూ! కానీ ముందు తమ ప్రాణం నిలబెట్టిన ఆచార్యులవారిని సన్మానించద్దూ? శిష్యులు రాసింది చదివి వినిపిస్తాను. తగిన బహుమానం బొక్కసంవారే తేలుస్తారు," అన్నాడు సోమప్ప.

ఆచార్యులవారు కొత్త శాలువా కప్పుకుని, శిష్యులందరినీ వెంటేసుకుని మరీ వచ్చారు. సోమప్ప తాటాకు తీసి గొంతెత్తాడు.

"రాజుగారికి ఒళ్ళు వెచ్చబడింది. మందిచ్చాం. తగ్గింది."

బొక్కసం అధికారి పెద్దిరాజు వెండిపళ్ళెంలో ఒక్క శొంఠికొమ్ము పెట్టి అందించాడు.

"ఏమిటయ్యా ఇది?"

"ఒళ్ళు వెచ్చబడితే ఇంతేనండి. తమరు కదా అని కాస్త లావుపాటిది ఏరాను."

ఆచార్యులవారి శాలువా జారిపోయింది.

"వెచ్చబడడమా! సన్నిపాతమయ్యా అది! సంధి ప్రేలాపనలో మహారాజు నన్ను పట్టుకుని అత్తగారూ అని ఏడ్చారు! నాడి దారప్పోగయిపోయింది. నాలుక మీద కస్తూరి రాశాను, అరికాళ్ళు చల్లబడితే శొంఠిపొడి రుద్దించాను, చెమట పట్టేదాకా మంచంకోడు వదల్లేదు! ఏ వెధవ రాశాడిది?"

"తమ శిష్యులేనండి. నేను అక్షరం కలపలేదు, తీయలేదు," అని సోమప్ప తెల్లమొహాలు వేసిన కుర్రాళ్ళ వైపు తిరిగాడు.

"రాసుకున్నారా నాయనా? గురువుగారు ఇవాళే రాత నేర్పారు!"

సభ గొల్లుమంది. అత్తగారి మాటకు ఎర్రబడ్డ రాజుగారు కూడా మజ్జిగ పొలమారేలా నవ్వారు.

"అయితే మాకు ఎక్కువైంది ఖర్చు కాదన్నమాట, తక్కువైంది రాత! వైద్యశాల ఉంటుంది. ఇకనుంచి చేసిందంతా రాయాలి, రాసినదానికంతా సొమ్మివ్వాలి. ఆచార్యులవారికి బంగారు కంకణం. పెద్దిరాజూ, సోమప్పకు బహుమానం అని రాసుకో!"

పెద్దిరాజు గంటం ఎత్తాడు. సోమప్ప గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం బహుమానమో కూడా రాయించండి ప్రభూ! శొంఠి మా ఇంట్లో బోలెడుంది."