నూకాలు చెట్టు, పోలయ్య సున్నం

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లోకి కూడా రాని రోజుల్లో, మంచుమెట్ట అనే కొండూళ్లో పోలయ్య అని ఒక సున్నం మేస్త్రి ఉండేవాడు. అతను సున్నం పూసిన గోడలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు, అంత నునుపు. తల మీద సున్నం, మీసం మీద సున్నం, చేతులకి మోచేతుల దాకా సున్నం. అతని పెళ్లాం నూకాలు దొర తోటలో ఊడ్చే పని చేసేది.

ఓడల మీద తిరిగే వ్యాపారి ఎవరో దొరకి మూడు మొక్కలు తెచ్చిచ్చాడు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయట. ఏ చెట్టూ పూయని చలికాలంలో రేకుల మీద రేకులుగా ఎర్రగా పూస్తాయట. చదువుకున్నవాళ్లు ఇప్పుడు దాన్ని కెమీలియా అంటున్నారు. మనం తాగే టీ చెట్టుకి చెల్లెలి వరస.

దొర ఒకదాన్ని లోతుగా గొయ్యి తీయించి పాతించాడు. ఊపిరాడక చచ్చింది. రెండోదాన్ని నడి ఎండలో పాతించాడు. మాడి చచ్చింది. మూడోదాన్ని విసుగొచ్చి పారెయ్యమన్నాడు.

"పారేసేదేగా బాబూ, నాకిప్పించండి," అంది నూకాలు.

వాళ్ల ఇంటి వెనక పనసచెట్టు నీడ ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ అక్కడ తొంగిచూసి పోతుందే గాని కూర్చోదు. ఆకులు కుళ్లిన నల్లమట్టిలో, వేళ్లు కప్పీకప్పనట్టు పైపైనే పాతింది. మొదలు చుట్టూ ఎండాకు పరిచింది. కొండవాగు నీళ్లు పోసింది, నిలవకుండా, ఆరిపోకుండా. అయినా ఆకులు పసుపెక్కాయి.

మూడు రోజులు కూర్చుని చూసింది. పోలయ్య పనినుంచొచ్చి పెరట్లో చేతులు కడుగుతాడు. ఆ తెల్లనీళ్లు పారి పారి మొక్క మొదట్లోకి పోతున్నాయి.

"మావా, నీ సున్నమే దీన్ని చంపుతోంది!"

"ఓసి నీ మొహం! ఊరంతా తళతళలాడేది నా సున్నంతోనే. నీ మొక్కకొక్కదానికే పడలేదా?"

"పడలేదు. వాగుకి పోయి కడుక్కో."

మహా మొండిది. ఆ రోజునుంచీ అతను గుమ్మంలో కాలు పెడితే చాలు, లోపల్నుంచి కేక.

"చేతులు కడిగావా?"

"కడిగానే నూకాలూ."

మొక్క మళ్లీ పచ్చబడింది. ఒక చలికాలం పోయింది, పూయలేదు. రెండోది పోయింది, పూయలేదు. మూడోదీ పోయింది. "ఏమే నూకాలూ, నీ చెట్టు గొడ్డుదేమో!" అని ఊరివాళ్లు నవ్వారు. ఆ మాఘంలోనే నూకాలుకి జ్వరం పట్టుకుంది. వదల్లేదు.

"వచ్చే చలికి పూస్తాది మావా. నేనుండను. నువ్వు చూడు," అంది. అంతే, కళ్లు మూసింది.

చెట్టుకి నాలుగడుగుల అవతల ఆవిణ్ణి పూడ్చిపెట్టారు. పోలయ్య గుండెలు బాదుకుని ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి లేచాడు. "దొరల సమాధులన్నీ నేనే కట్టాను. కూలిదానికి సమాధేమిటంటారా? నా పెళ్లానికి కడతాను. పేరు నిలబెడతాను," అన్నాడు.

గానుగలో సున్నం ఆడించాడు. బెల్లం నీళ్లు పోశాడు, కరక్కాయ నీళ్లు పోశాడు. వేసవంతా కట్టాడు, గులకరాయితో పాలిష్ పట్టాడు. పక్క ఊళ్లవాళ్లు సైతం చూడ్డానికొచ్చి నోళ్లు తెరిచారు.

వానలొచ్చాయి. సమాధి మీంచి నీళ్లు జారాయి. చెట్టుకి శనగగింజలంత మొగ్గలొచ్చాయి. ఆకులు మాత్రం పసుపెక్కాయి. పోలయ్య వాగు నీళ్లు మోశాడు, ఆగలేదు. పేడ ఎరువు వేశాడు, ఆగలేదు. దిష్టి తీశాడు, ఆగలేదు. మొగ్గలు ఒక్కొక్కటే రాలాయి.

ఓ సాయంత్రం పనినుంచొస్తూ అలవాటుగా వాగు దగ్గర ఆగాడు. చేతులు నీళ్లలో పెట్టాడు. తెల్లగా మబ్బులా నీళ్లు కదిలాయి.

"అయ్యో, చేతులు కడుక్కుని పోతున్నానే! అక్కడ బండెడు సున్నం నేనే పెట్టాను గదా!"

గునపం పట్టుకొచ్చాడు. ఊరివాళ్లు అడ్డం పడ్డారు.

"సమాధి పగలగొడతావా? మతి పోయిందా? నూకాలు పేరే ఉండదు!"

"నా పనితనం ఉండదు. దాని చెట్టు ఉంటుంది. తప్పుకోండి."

ఒక్కో దెబ్బకీ ఏడ్చాడు, ఆగలేదు. పెచ్చులన్నీ తట్టల్లో ఊరవతలికి మోశాడు. తెల్లబడ్డ మట్టి తవ్వి తీసి, పనసాకు కుళ్లిన మట్టి వేశాడు. ఇక సమాధి లేదు, గుర్తురాయీ లేదు. ఆ చలికి పూయలేదు. మరుసటి చలికి పూయలేదు. మూడో చలికి, ఓ పొద్దున, ఒకే ఒక్క ఎర్ర పువ్వు. వాసన లేదు పాడూ లేదు. పోలయ్య దాని ముందు చతికిలబడి, "చూశానే నూకాలూ," అన్నాడు.

తరవాత అడిగినవాళ్లకల్లా కొమ్మ గీరి, తడినాచు చుట్టి అంటుకట్టి ఇచ్చాడు.

ఇప్పుడు ఆ కొండల్లో ఇంటింటా ఆ చెట్టుంది. పండక్కి గోడలన్నిటికీ సున్నం వేస్తారు, చెట్టు పక్క గోడని మట్టిగానే వదిలేస్తారు. తాంబూలం వేసుకున్నవాడు కూడా చెట్టు దగ్గరికొస్తే ఇంట్లోంచి కేక వినబడుతుంది, "చేతులు కడిగావా?"

అడిగింది ఎవరైనా సరే, అత్తయినా, కూతురైనా, ఐదేళ్ల పిల్లయినా, జవాబు ఒక్కటే.

"కడిగానే నూకాలూ."