సాంబ్రాణి పొట్లాలకిచ్చిన జవాబులు

ఎమ్మెల్యేకు నేను వారానికొకటి చొప్పున ఏడు ఉత్తరాలు రాశాను. ఏడింటికీ ఒకే జవాబు వచ్చింది.

"మీ లేఖ అందినది. అందులోని విషయములు గమనించడమైనది. తగు చర్య నిమిత్తం సంబంధిత శాఖకు పంపడమైనది."

మా ఊరికీ హైస్కూలుకూ మధ్య ఒక వంక ఉంది. దాని మీది నడక వంతెన వానలకు కొట్టుకుపోయింది. చుట్టు తిరిగి పోవాలంటే ఏడు మైళ్లు. మగపిల్లలు సైకిళ్లెక్కి పోతున్నారు. ఆడపిల్లలు తొమ్మిది మంది రెండు నెలలుగా ఇళ్లల్లో కూర్చున్నారు. వాళ్లలో శశికళకు ఈ ఏడు పదో తరగతి పరీక్షలు. నేను బడి మానేసింది ఆ వయసులోనే. ఆ తర్వాతి చదువంతా చేతికి దొరికిన పుస్తకంతో, నాకు నేను నేర్చుకున్నదే.

ఉత్తరాలు బాగా రాశాను, ఈ మాట దాచను. ఒక్కోటి నాలుగు పేజీలు. పోస్టు చేసే ముందు ఊళ్లో చదివి వినిపిస్తే, "సుంకులమ్మ రాస్తే రాళ్లు కూడా కరుగుతాయి" అనేవాళ్లు. ఆ మాట కోసం ఇంకో పేరా పెంచేదాన్ని.

ఏడో జవాబు వచ్చిన రోజు కాగితాలన్నీ తీసుకుని హుసేన్ పీరా తాత దగ్గరికి పోయాను. తాత ఫకీరు. పొద్దున అంగళ్లకు సాంబ్రాణి పొగ వేస్తాడు, మధ్యాహ్నం దర్గా అరుగు మీద కూర్చుని సాంబ్రాణి పొట్లాలు కడతాడు. మా హిందువుల ఇళ్లవాళ్లు కూడా ఆయన దగ్గర గురూపదేశం తీసుకుంటారు. నేను తీసుకుని మూడేళ్లయింది. తాతకు చదువు రాదు.

"ఇంక రాయను తాతా," అన్నాను. "గోడకు చెప్పుకున్నా ఒకటే, వీళ్లకు రాసినా ఒకటే. నేను రాసింది ఒక్కరు కూడా చదవరు."

తాత సాంబ్రాణి దంచుతూనే ఉన్నాడు. "ఆ కాగితాలేం చేస్తావు?"

"పొయ్యిలో పెడతా."

"నాకియ్యి. పొట్లాలకు కాగితం అయిపోయింది."

కాగితాలు అందించబోయాను. తాత అందుకోలేదు. "ముందు చదువు," అన్నాడు.

"ఎందుకు?"

"దేవుడి పేరు ఉంటే పొట్లం కట్టకూడదమ్మా. విప్పినోళ్లు కింద పారేస్తారు. పదిమంది తొక్కుతారు."

"ఆఫీసు కాగితంలో దేవుడి పేరెందుకుంటాది తాతా?"

"సంతకం పెట్టినాయన పేరు రాముడో రహీమో అయితే?"

మొదటిది చదివాను. సంతకం దగ్గర ఆగాను. "పేరు తెలీలేదు. కోడి గీకినట్టుంది."

"అయితే పర్వాలేదు," అని తాత దాన్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు పొట్లాలు కట్టాడు.

రెండోది చదివాను. మూడోది చదివాను. నాకు విసుగొచ్చింది. "అన్నీ ఒకటే తాతా. ఒకటి విన్నావంటే అన్నీ విన్నట్టే."

"నీకు ఒకటే. నాకేం తెలుసు? చివరిదాకా చదువు."

నాలుగోది తీశాను. మొదటి మూడు లైన్లు అవే. వాటి కింద ఇంకో రెండు లైన్లున్నాయి. వాటిని ముందు లోపలే చదువుకున్నాను.

తాతకు చదువు రాదు. ఆ రెండు లైన్లూ మింగేసి సంతకం దగ్గరికి పోతే ఆయనకు తెలిసేది కాదు. నిజం చెప్తున్నాను, పోదామనే అనుకున్నాను. తాత నా మొహం చూడలేదు. కట్టిన పొట్లం మడత సరిచూసుకుంటున్నాడు. ఒక చెయ్యి మాత్రం కాగితం కోసం చాచి ఉంది.

చదివాను.

"పదిహేనవ తేదీ ఉదయం పది గంటలకు ఇంజనీరు వంక వద్దకు వచ్చి స్థలము పరిశీలించుదురు. గ్రామస్థులు హాజరై వివరములు తెలుపవలెను."

"ఏ పదిహేను?" అన్నాడు తాత.

"పోయిన నెలది."

"ఈ కాగితం ఎప్పుడొచ్చింది?"

"పదో తేదీన."

"పదిహేనున నువ్వేం చేస్తున్నావు?"

"ఐదో ఉత్తరం రాస్తున్నా."

తాత కాగితం అందుకున్నాడు. "దీంట్లో దేవుడి పేరుందా?"

"లేదు తాతా."

ఆయన దాన్ని రెండు కళ్లకూ అద్దుకుని, మడిచి, నా చేతిలో పెట్టాడు. మిగతా మూడూ చదివించాడు. ఆరోదానిలో, పరిశీలనకు ఎవరూ హాజరు కానందున ఫైలు నిలుపుదల చేయడమైనదని ఉంది.

"ఇంకో ఉత్తరం రాస్తా," అన్నాను. "ఈసారి ఇంకా బాగా రాస్తా."

తాత మోకాళ్ల మీద చేతులూని లేచాడు. "ఆయప్ప మన వంక దాకా వచ్చినాడు. మనం ఆ ఆఫీసు మెట్ల దాకా అన్నా పోదాం. పద."

బస్సెక్కి టౌనుకు పోయాం. ఇంజనీరు ఆయన కాదు, ఆమె. యాభై ఏళ్లుంటాయి. ఊరి పేరు చెప్పగానే కళ్లజోడు సర్దుకుంది.

"గంట సేపు నిలబడ్డానమ్మా ఆ వంక గట్టున. నేనూ, ఒక బర్రె. కాగితం అందలేదా మీకు?"

అందలేదని చెప్పేయొచ్చు. మా ఊరికి ఉత్తరాలు ఆలస్యంగా రావడం ఎవరికీ వింత కాదు. తాత వైపు చూశాను. ఆయన గోడ మీది క్యాలెండరు బొమ్మ చూస్తున్నాడు.

"అందింది మేడమ్. నేను చివరిదాకా చదవలేదు."

ఆమె కలం కింద పెట్టింది. "ఏడు ఉత్తరాలు రాసింది నువ్వేనా?"

"నేనే."

"ఎమ్మెల్యేగారి ఆఫీసు అన్నీ నాకే పంపింది. అన్నీ చదివాను. ఇరవై ఎనిమిది పేజీలు. వంతెన ఎన్ని అడుగుల పొడవుండేదో మాత్రం ఎక్కడా లేదు. అది అడుగుదామనే వచ్చాను."

నాకు అప్పటికీ తెలియదు.

"గురువారం పదింటికి మళ్లీ వస్తాను," అంది. "టేపు అవతలి కొస పట్టుకునేవాళ్లు కావాలి. కొలిచినాక ఎస్టిమేటు వెయ్యాలి, మంజూరు రావాలి. పరీక్షల లోపల అవుతుందని మాటివ్వను."

"మీరు రండి మేడమ్. మనుషులను నేను తెస్తా."

తిరుగు బస్సులో తాతను అడిగాను. "ఊళ్లో ఏం చెప్పను తాతా?"

"ఏం రాసుంటే అది," అని తాత కళ్లు మూసుకున్నాడు.

బస్సు దిగి ముందు శశికళ ఇంటికే పోయాను. వాళ్లమ్మ నాగలింగమ్మ వసారాలో చెనక్కాయలు ఒలుస్తోంది.

"ఏమంటాడు మీ ఎమ్మెల్యే?" అంది, తలెత్తకుండా.

నాలుగో జవాబు విప్పి పైనుంచి సంతకం దాకా చదివాను.

ఆమె చేతులు ఆగాయి. "పదిహేనంటే?"

"పోయిన నెల, పెద్దమ్మా. వాళ్లు వచ్చినారు. నేనే చూసుకోలేదు."

శశికళ లోపలి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. నాగలింగమ్మ చేటను పక్కకు జరిపింది.

"నువ్వు రాసిందంతా నోరు తెరుచుకుని విన్నామే. వాళ్లు రాసింది ఒక్కరోజన్నా మాకు వినిపించినావా?"

"లేదు పెద్దమ్మా."

ఆమె ఇంకేమైనా అంటుందేమోనని నిలబడ్డాను. అంటే పడదామనే నిలబడ్డాను.

"గురువారం మళ్లీ వస్తామన్నారు," అన్నాను.

"ఎన్నింటికి?"

"పదింటికి."

ఆమె చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. నేను కాగితం మడిచి వీధిలోకి వచ్చాను.

ఇంకా ఎనిమిది ఇళ్లున్నాయి.