ఎండుచేపల అత్తరు

మాధవభూపతి గారికి జలుబు చేసింది. మనబోటి వాళ్లకు జలుబు చేస్తే ముక్కు చీదుకుని ఊరుకుంటాం. రాజుగారు అలా ఊరుకుంటారా? సభ పిలిపించి, జలుబుకే గడువు పెట్టారు.

"ఎల్లుండి పొద్దు పొడిచేసరికి ఇది నా ముక్కు ఖాళీ చేసి పోవాలి! పంపించగల మొనగాడు ఎవరు?"

ఆస్థాన వైద్యుడు భైరవాచార్యులు లేచాడు. ఆయనకు వైద్యం కొంచెం వచ్చు, గర్వం మాత్రం బోలెడు.

"నా గుళిక పడ్డాక ఇంకా జలుబా ప్రభూ?" అన్నాడు మీసం దువ్వుతూ.

అన్న గడువుకి రాజుగారి ముక్కు కారడం ఆగింది. ఆగి, బిగుసుకుపోయింది. ఆ తేడా ఎవరు చూడొచ్చారు? జలుబు పారిపోయిందని ఆచార్యులు ఊరంతా చాటింపు వేయించాడు. రాజుగారు తన చేతి బంగారు కడియం తీసి ఆయనకు తొడిగారు.

చిక్కంతా ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర వచ్చింది. రాజుగారు చారు జుర్రి మొహం చిట్లించారు. కూర తిన్నారు, పచ్చడి నాకారు. దేనికీ రుచి లేదు.

"ఏమయ్యా ఆచార్యా, నా జలుబు పూర్తిగా పోయినట్టేనా?"

"పోయింది ప్రభూ. లోపం మీ ముక్కులో లేదు, వంటమనిషి చేతిలో ఉంది. ముసలిదైపోయింది కదా!"

అంతే, రాజుగారికి కోపం నషాళానికి అంటింది. పొద్దు గుంకేలోగా వంటమనిషి బుచ్చెమ్మ రాజ్యం దాటిపోవాలని ఆజ్ఞ వేసేశారు. ఈ రాజుగారి అన్నప్రాశనకు పరమాన్నం వండిన చెయ్యి అది. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉంటుందా?

బుచ్చెమ్మ చీరలు మూట కట్టుకుంటూ, ఏడుస్తూ, ఆస్థానంలో చమత్కారానికి పెట్టింది పేరైన మల్లుభట్టుకు మొర పెట్టుకుంది.

"ఈ వయసులో నేనెక్కడికి పోను బాబూ? నా చారేం మారలేదు. కావాలంటే నువ్వే తాగి చూడు."

మల్లుభట్టు గిన్నెడు చారు తాగి, మళ్లీ పోయించుకుని, మూతి తుడుచుకున్నాడు.

"అవ్వా, మూట విప్పేయ్. ఎండుచేపలు కడిగిన నీళ్లున్నాయా? అందులో ఇంత ఇంగువ కలిపి నాకియ్యి. ఎందుకని అడక్కు."

కాసేపటికి మల్లుభట్టు వెండి అత్తరుబుడ్డి పట్టుకుని సభలోకి వచ్చాడు.

"ప్రభూ! ఇంత ఘాటైన సరుకు ఈ సభలోకి ఇంతవరకు రాలేదు. ఏలినవారు మొదట వాసన చూడాలి."

మూత తీయగానే వింజామర వీచేవాడు వింజామర వదిలేసి ముక్కు పట్టుకున్నాడు. సేనాపతి ఉత్తరీయంలో తల దూర్చాడు. రాజుగారికి మాత్రం ఏమీ తెలియలేదు. తెలియలేదని ఒప్పుకుంటే రాజెలా అవుతారు?

"ఆహా! మల్లెపూలు కదూ?" అన్నారు.

అని, చుట్టూ చూశారు. "మీరంతా ముక్కులు మూసుకున్నారేం?"

"ఆచార్యులవారు చెప్పాలి ప్రభూ, ఇది పరిమళమో కంపో" అన్నాడు మల్లుభట్టు వినయంగా.

ఆచార్యులు తన చేతి కడియం వంక చూసుకున్నాడు. కంపంటే రాజుగారి ముక్కు పనిచేయడం లేదని తనే ఒప్పుకున్నట్టు. కడియం ఊడుతుంది.

"ప... పరిమళమే" అన్నాడు, కళ్లమ్మట నీళ్లు కారుతుండగా.

"అయితే తమకే తగును!" అంటూ మల్లుభట్టు బుడ్డి మొత్తం ఆయన శాలువా మీద వంచేశాడు.

"ఓరి దేవుడా, ఎండుచేపల కంపు!" అని ఆచార్యులు ఎగిరి గంతేశాడు.

"ఎండుచేపలా?" రాజుగారు తెల్లబోయారు. "మరి నాకేం తెలియలేదే!"

మల్లుభట్టు చేతులు జోడించాడు.

"ఎండుచేపల నీళ్లు మల్లెపూలైన ముక్కుకి, బుచ్చెమ్మ చారు చప్పనవడంలో వింతేముంది ప్రభూ?"

రాజుగారు నవ్వారు. నవ్వు తుమ్మయింది, తుమ్ము దగ్గయింది.

"ఇది ఇంకా నాలోనే ఉందన్నమాట! ఎప్పుడు పోతుందయ్యా?"

"జలుబు కొత్తల్లుడి లాంటిది ప్రభూ. పొమ్మంటే పోడు. వారమో పది రోజులో ఉండి, తనంతట తనే పోతాడు. పోయాక కూడా ఆయన సామానులా దగ్గు నాలుగు రోజులు ఇంట్లోనే పడి ఉంటుంది. అందాకా వేడివేడి చారన్నం తిని, ముసుగుతన్ని పడుకోవడమే మన పని."

"పోయిందని తెలిసేదెలా?"

"ఆచార్యులవారు రోజూ పొద్దున్నే ఈ అత్తరు పూసుకుని తమ నాడి చూడ్డానికి వస్తారు. ఆయన్ని ఏ రోజు భరించలేకపోతారో, ఆ రోజు పోయినట్టు."

రాజుగారు బుచ్చెమ్మ మీద వేసిన ఆజ్ఞ రద్దు చేసి, సభ మూసి మంచమెక్కారు. బుచ్చెమ్మ మంచం పక్కనే కూర్చుని, "ఒంట్లో బాగోనప్పుడు సభలేంటి నాయనా?" అని చివాట్లు పెడుతూ చారు పట్టింది. ఆచార్యులు రోజూ రావడం, దాసీలు ముక్కులు మూసుకుని పరుగెత్తడం, రాజుగారు హాయిగా చెయ్యి చాపడం.

వారం తిరిగింది. ఆ పొద్దున ఆచార్యులు ఇంకా వసారా కూడా ఎక్కలేదు. లోపల్నించి కేక వినపడింది.

"ఛీఛీ, ఏమిటా కంపు! ఆ మనిషిని అక్కడే ఆపండి!"

అంతఃపురమంతా చప్పట్లు మోగాయి. ఇంత జరిగినా ఆచార్యులు ఊరుకున్నాడా?

"చూశారా ప్రభూ! నా మందు పనిచేసింది!" అని గుమ్మం బయటనుంచే అరిచాడు.

"చేసింది లేవయ్యా! ఆ కడియం అక్కడ పెట్టి, ముందు స్నానానికి పో!"

రాజుగారు పడీపడీ నవ్వారు. మల్లుభట్టుకు జరీ శాలువా కప్పించారు. తర్వాత కడియం కడిగించి తెప్పించి, చారు గరిటె పట్టుకున్న ముసలి చేతికి స్వయంగా తొడిగారు. ఇంగువ పోపు ఘుమఘుమ ముక్కుకి తగిలింది.

"అవ్వా, ఈ వాసనకి ఎంత మొహం వాచిపోయానో తెలుసా! ఇంకో గరిటె పొయ్యి" అన్నారు.